సర్పి మానింది, మంట మానలేదు

సర్పి లేచిందంటే ఇంటిల్లిపాదీ కంగారు పడతారు. నడుముకో, ఛాతీకో, నుదుటికో ఒక పక్కన ఎర్రటి దద్దు, దాని మీద గుంపుగా నీటి పొక్కులు, ముట్టుకోనివ్వని మంట. రెండు నుంచి నాలుగు వారాల్లో పొక్కులు ఎండి పెచ్చులు రాలిపోతాయి. ఇంట్లోవాళ్ల లెక్కలో జబ్బు అక్కడితో తీరిపోయినట్టే. కానీ సర్పి వచ్చిన ప్రతి పది మందిలో ఒకరిద్దరికి అసలు బాధ ఆ తర్వాతే తెలుస్తుంది. చర్మం మీద పాత మచ్చలు తప్ప ఏమీ కనపడవు. రవిక రాసుకున్నా, దుప్పటి జారినా, ఫ్యాను గాలి సోకినా ఆ చోట చుర్రుమంటుంది. రాత్రిళ్లు నిద్ర ఉండదు. చూసేవాళ్లకు ఏమీ కనపడదు గనుక నమ్మేవాళ్లూ తక్కువే.

పొక్కులు లేచి మూడు నెలలు దాటినా నొప్పి పోకుండా ఉంటే దాన్ని వైద్యులు పోస్ట్ హెర్పెటిక్ న్యూరాల్జియా అంటారు. ఇక్కడ మనం సర్పి నొప్పి అందాం. వయసు పెరిగేకొద్దీ ఇది నిలిచిపోయే అవకాశం పెరుగుతుంది. నలభై లోపువాళ్లలో అరుదు, అరవై దాటినవాళ్లలో తరచు.

దీనికి మందులు లేకపోలేదు, అరడజను పైనే ఉన్నాయి. ఏ ఒక్కటీ అందరికీ పనిచేయదు, ఏదీ నొప్పిని పూర్తిగా తుడిచిపెడతానని హామీ ఇవ్వదు, ప్రతిదానికీ ఏదో ఒక ఇబ్బంది ఉంటుంది. అందుకే ఎంపిక కష్టం. ఖమ్మం దాటి ఏన్కూరు, జూలూరుపాడు, కొత్తగూడెం మీదుగా భద్రాచలం, అక్కణ్నుంచి గోదావరి వెంట దుమ్ముగూడెం, చర్ల దాకా సాగే ఈ అడవి అంచు ఊళ్లలో ఆ కష్టం రెట్టింపు. నరాల వైద్యుడు ఉండేది ఎక్కడో దూరాన ఉన్న పట్నంలో. రోజు కూలి పోగొట్టుకుని, బస్సు ఛార్జీ పెట్టుకుని వెళ్లాక ఆయన ఇచ్చిన గోలీ పడకపోతే మళ్లీ వెళ్లే స్తోమత అందరికీ ఉండదు. కాబట్టి మందు బలం ఎంత అన్నదానితో పాటు, ఆ మనిషి తెల్లారి లేచి ఏ పనికి పోవాలన్నది కూడా అదే త్రాసులో పెట్టాలి. అలా తూచినప్పుడే సరైన మందు తేలుతుంది.

వైరస్ ఎక్కడ దాక్కుంటుంది

ఎప్పుడో ఒకప్పుడు ఆటలమ్మ పోసినవాళ్లకే సర్పి వస్తుంది. రెండింటికీ కారణం ఒకటే వైరస్: వేరిసెల్లా జోస్టర్. అది ఒంట్లోనే దాక్కొని తర్వాత సర్పిగా బయటపడుతుందని గట్టిగా వాదించినవాడు పెద్ద ప్రయోగశాలల శాస్త్రవేత్త కాడు. ఇంగ్లండులో సైరెన్‌సెస్టర్ అనే చిన్న పట్నంలో ప్రాక్టీసు చేసిన కుటుంబ వైద్యుడు ఎడ్గర్ హోప్ సింప్సన్. తన దగ్గరికి వచ్చిన ప్రతి సర్పి రోగి వివరాలనూ పదహారేళ్ల పాటు నమోదు చేసుకున్నాడు. ఆ వివరాల ఆధారంగా 1965లో ఒక సిద్ధాంతం ప్రకటించాడు: ఆటలమ్మ తగ్గాక వైరస్ ఒంట్లోంచి పోదు, వెన్నెముక పక్కనుండే నరాల ముడుల్లో ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉంటుంది, రోగనిరోధక శక్తి సన్నగిల్లినప్పుడు మేలుకొని ఆ నరం వెంబడే చర్మానికి చేరుతుంది. 1984లో ఒకే రోగికి ఆటలమ్మ వచ్చినప్పుడూ, తర్వాత సర్పి వచ్చినప్పుడూ తీసిన వైరస్ డీఎన్ఏను పోల్చి చూశారు. రెండూ ఒకటేనని తేలింది.

మన ఊళ్లలో సర్పి గురించి ఒక భయం ఉంది. అది ఒంటి చుట్టూ తిరిగి తలా తోకా కలిస్తే ప్రాణం పోతుందని. అందుకే కావిమట్టి పూస్తారు, మంత్రం వేయిస్తారు. ఈ భయానికి శరీర నిర్మాణమే సమాధానం చెబుతుంది. వెన్నుపాము నుంచి కుడి ఎడమలకు జతలు జతలుగా నరాలు బయల్దేరతాయి. ఒక్కో నరం తన పక్కన ఒక్కో పట్టీ మేర చర్మానికి స్పర్శ ఇస్తుంది. హెన్రీ హెడ్, కాంప్‌బెల్ అనే ఇద్దరు వైద్యులు 1900లో ఈ పట్టీల పటాన్ని గీసింది సర్పి రోగులను పరిశీలించే. వైరస్ సాధారణంగా ఒక పక్కన ఒక నరంలోనే మేలుకుంటుంది కాబట్టి పొక్కులు వీపు నడిమి గీత దగ్గర మొదలై పొట్ట నడిమి గీత దగ్గర ఆగిపోతాయి. తలా తోకా కలవడమన్నది దాదాపు జరగదు. ఒళ్లంతా పాకిందంటే అది రోగనిరోధక శక్తి బాగా దెబ్బతిన్న మనిషి అని అర్థం. అప్పుడు ఆసుపత్రిలో చేర్చాలి. చిన్న వయసులో సర్పి వచ్చినా, మళ్లీ మళ్లీ వచ్చినా హెచ్ఐవీ, షుగరు పరీక్షలు చేయించాలి.

మంత్రం వేసినవాళ్లకు పేరెందుకు వస్తుందో కూడా ఇక్కడే అర్థమవుతుంది. పొక్కులు ఏ వైద్యం లేకపోయినా మానేవే. మంత్రం వేశాక మానాయి కాబట్టి మంత్రం వల్లే మానాయనుకుంటాం. ఆ నమ్మకానికి ఎవరినీ తప్పుపట్టాల్సిన పని లేదు. దాని వల్ల పోయేది ఒకటే, కానీ అది చాలా విలువైనది: మొదటి మూడు రోజులు.

మూడు రోజుల గడువు, ఏడు రోజుల సంత

దద్దు కనిపించిన 72 గంటల్లోపు వైరస్ మందు మొదలుపెట్టాలి. అసైక్లోవిర్ అయితే 800 మిల్లీగ్రాముల గోలీ రోజుకు ఐదుసార్లు, వాలాసైక్లోవిర్ అయితే గ్రాము చొప్పున మూడుసార్లు, ఏడు రోజులు. పొక్కులు త్వరగా మానతాయి, మొదటి వారాల నొప్పి తగ్గుతుంది. అయితే ఇది నెలల తర్వాత మిగిలే నొప్పిని కచ్చితంగా ఆపుతుందని పరీక్షలు నిరూపించలేదు. అయినా వేసుకోవాల్సిందే. ముఖ్యంగా యాభై దాటినవాళ్లు, నుదుటి మీద కంటి పక్కన పొక్కులు లేచినవాళ్లు ఆలస్యం చేయకూడదు. ముక్కు కొస మీద పొక్కు కనపడితే కంటికీ ప్రమాదం ఉందని గుర్తు. ఆ రోజే కంటి వైద్యుడికి చూపించాలి.

ఏజెన్సీ ఊళ్లలో చాలామంది పట్నం మొహం చూసేది వారానికోసారి, సంత రోజున. సంత మర్నాడు దద్దు లేస్తే మళ్లీ సంతకు ఆరు రోజులుంటుంది. రోగానికి మూడు రోజుల గడువు, ప్రయాణానికి ఏడు రోజుల చక్రం. ఈ రెండింటి మధ్య తేడాను పూడ్చగలిగేది ఊళ్లో ఉండే ఆశా కార్యకర్త, దగ్గరి పీహెచ్‌సీ. ఒక పక్కనే వరసగా లేచిన పొక్కులను చూసి సర్పి అని గుర్తుపట్టడానికి స్కానింగు అక్కర్లేదు, కళ్లు చాలు. ఫొటో తీసి పీహెచ్‌సీ డాక్టరుకు పంపినా చాలాసార్లు విషయం తేలిపోతుంది.

మామూలు నొప్పి గోలీ ఎందుకు పనిచేయదు

కాలికి ముల్లు గుచ్చుకుంటే నరం ఆ వార్తను మెదడుకు చేరవేస్తుంది. ముల్లు తీసేస్తే వార్త ఆగుతుంది. సర్పి నొప్పిలో ముల్లు లేదు. వార్త మోసే నరమే దెబ్బతింది. వైరస్ వల్ల పుట్టిన వాపు నరాల ముడిలో కొన్ని కణాలను చంపింది, కొన్నింటిని గాయపరిచింది. గాయపడ్డ కణాలు ఏ కారణమూ లేకుండానే సంకేతాలు పంపుతుంటాయి. ఆ సంకేతాల ధాటికి వెన్నుపాములోని కణాలు కూడా అతిగా స్పందించడం నేర్చుకుంటాయి. అప్పుడు స్పర్శను మోసే నరాల నుంచి వచ్చిన వార్తను కూడా నొప్పిగానే చదువుతాయి. రవిక తగిలితే మంట పుట్టేది అందుకే.

రోగులు చెప్పే మూడు బాధలు ఈ మార్పుల నుంచే పుడతాయి: ఆగకుండా ఉండే మంట, ఉన్నట్టుండి కరెంటు షాకు కొట్టినట్టు పోటు, తాకితే భరించలేకపోవడం. ఒక్కొక్కరిలో ఒక్కొక్కటి ఎక్కువగా ఉంటుంది. డాక్టరుకు నొప్పి అని ఒక్కమాటలో చెప్పకుండా ఈ మూడింటిలో ఏది ఎక్కువో చెబితే ఎంపిక తేలికవుతుంది.

డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి గోలీలు కీళ్ల వాపు మీద, దెబ్బల మీద పనిచేస్తాయి. దెబ్బతిన్న నరం పంపే సంకేతాల మీద వాటికి పట్టు లేదు. అయినా ఆర్ఎంపీ దగ్గర దొరికేవి ఎక్కువగా అవే: నొప్పి సూది, దాంతో పాటు డెక్సా అనే స్టెరాయిడు. నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి, షుగరు పెరుగుతుంది. నొప్పి మాత్రం అక్కడే ఉంటుంది. బలానికని రాసే బి విటమిన్ల సంగతీ అంతే. బి12 లోపం ఉన్నవాళ్లకు, ఉదాహరణకు ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నవాళ్లలో కొందరికి, అది అవసరమే. లోపం లేనివాళ్లకు సర్పి నొప్పి తగ్గించే శక్తి దానికి లేదు.

ఇంకో హెచ్చరిక. సర్పి రాకుండానే చేతుల్లో, కాళ్లలో మంటలు, తిమ్మిర్లు ఉంటే ముందు కారణం వెతకాలి. షుగరు ఉందేమో చూడాలి. టీబీ మందుల్లోని ఐసోనయాజిడ్ వల్ల కూడా నరాలు దెబ్బతింటాయి, దాన్ని పైరిడాక్సిన్ గోలీతో నివారించవచ్చు. స్పర్శ తెలియని మచ్చ ఉంటే కుష్ఠు పరీక్ష చేయించాలి. ఆ వ్యాధికి బహుళ ఔషధ చికిత్స ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. కారణం వదిలేసి నొప్పిని మాత్రమే అణిచేస్తే ఈలోగా నరం పోతుంది.

మందుల తూకం

సర్పి నొప్పికి పనికొచ్చే గట్టి ఆధారం ఒకటి అనుకోని చోటి నుంచి వచ్చింది. అమిట్రిప్టిలిన్ డిప్రెషన్ కోసం తయారైన మందు. కెనడాలో పీటర్ వాట్సన్ బృందం 1982లో సర్పి నొప్పి ఉన్న 24 మందికి దీన్నీ, మందు లేని ఉత్త గోలీనీ మార్చి మార్చి ఇచ్చి చూసింది. 16 మందికి మంచి ఫలితం వచ్చింది. వాళ్లలో ఎక్కువమందికి డిప్రెషనే లేదు. అంటే మందు మనసు మీద కాదు, నొప్పి దారి మీదే పనిచేస్తోంది. మెదడు నుంచి వెన్నుపాముకు దిగివచ్చి నొప్పిని అణిచే సహజ వ్యవస్థ ఒకటి మన ఒంట్లో ఉంది. ఈ మందు దానికి బలం ఇస్తుంది.

రెండోది గాబాపెంటిన్, దాని తమ్ముడి వరస ప్రీగాబాలిన్. ఇవి మూర్ఛ మందులుగా పుట్టాయి. నరం కొసన కాల్షియం లోపలికి వెళ్లే దారికి అతుక్కొని, సంకేతాల జోరు తగ్గిస్తాయి. 1998లో 229 మంది సర్పి నొప్పి రోగులపై జరిగిన పరీక్షలో, పది మార్కుల కొలత మీద గాబాపెంటిన్ వాడినవాళ్ల సగటు నొప్పి 6.3 నుంచి 4.2కు దిగింది. ఉత్త గోలీ వాడినవాళ్లది 6.5 నుంచి 6.0కే దిగింది. ఈ అంకెలను నిదానంగా చూడాలి. 4.2 అంటే నొప్పి పోలేదు. నిద్రపోనివ్వని నొప్పి, ఉన్నా పని చేసుకోనిచ్చే నొప్పిగా మారింది.

మందులను పోల్చడానికి పరిశోధకులు ఒక సులువైన లెక్క వాడతారు: ఉత్త గోలీతో వచ్చే మేలును మించి ఒక మనిషికి నొప్పి సగానికి తగ్గాలంటే ఎంతమందికి మందు ఇవ్వాలి? ఆ సంఖ్య ఎంత చిన్నదైతే మందు అంత మెరుగు. 229 పరీక్షలను కలిపి 2015లో లాన్సెట్ న్యూరాలజీ పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం అమిట్రిప్టిలిన్ తరహా మందులకు అది 3.6. మరో డిప్రెషన్ మందు డులోక్సెటిన్ తరహాకు 6.4, గాబాపెంటిన్‌కు 7.2, ప్రీగాబాలిన్‌కు 7.7. ఇవి సర్పి నొప్పికే కాక అన్ని రకాల నరాల నొప్పులకూ కలిపి వేసిన లెక్కలు.

త్రాసు రెండో పళ్లెంలో ఇబ్బందులుంటాయి. దుష్ఫలితాల వల్ల ఒక మనిషి మందు మానేయడానికి ఎంతమంది వాడాలి? ఇక్కడ సంఖ్య ఎంత పెద్దదైతే అంత మేలు. అమిట్రిప్టిలిన్ తరహాకు 13.4, ప్రీగాబాలిన్‌కు 13.9, గాబాపెంటిన్‌కు 25.6. అమిట్రిప్టిలిన్ చవక, బలమైనది, కానీ నోరెండడం, మలబద్ధకం, మత్తు తెస్తుంది. ప్రోస్టేట్ పెరిగినవాళ్లకు మూత్రం ఆగిపోవచ్చు. ఒక రకం గ్లకోమా, కొన్ని గుండె జబ్బులు ఉన్నవాళ్లకు ప్రమాదం. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్‌లతో తల తిరగడం, తూలడం, కాళ్ల వాపు వస్తాయి. కిడ్నీలు బలహీనమైతే మోతాదు తగ్గించాలి.

మన దేశంలోనే చండీగఢ్ పీజీఐలో గాబాపెంటిన్‌నూ, అమిట్రిప్టిలిన్‌కు దగ్గర చుట్టమైన నార్ట్రిప్టిలిన్‌నూ సర్పి నొప్పి మీద పోల్చారు. 2006లో వెలువడిన ఆ ఫలితం సూటిగా ఉంది: నొప్పి తగ్గించడంలో రెండూ సమానం, తట్టుకోవడంలో గాబాపెంటిన్ సులువు. 2009లో గిల్రన్ బృందం మరో మెట్టు ఎక్కింది. రెండింటినీ కలిపి ఇస్తే ఏ ఒక్కదానికన్నా నొప్పి ఎక్కువ తగ్గిందని చూపింది. ఒకటి సగమే పనిచేసినప్పుడు దాన్ని పారేయకుండా రెండోదాన్ని చేర్చే వీలుందన్నమాట.

ట్రమడాల్ మాటేమిటని చాలామంది అడుగుతారు. దానికి ఆ లెక్క 4.7, కాబట్టి బలం ఉంది. కానీ అలవాటు పడే గుణం కూడా ఉంది. అందుకే 2018 నుంచి అది మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చింది. మొదటి మందుగా కాక, మిగతావి విఫలమైనప్పుడు కొద్దికాలానికి వాడేదిగానే దాన్ని చూడాలి. నరం చుట్టూ ఇచ్చే మత్తు సూదులు, కరెంటు తరంగాల పరికరాలు నొప్పి క్లినిక్కులో తేల్చుకోవాల్సినవి.

మిరపకాయలోని మందు

ఖమ్మం మిర్చి యార్డుకు తేజ రకం బస్తాలు లారీల కొద్దీ వచ్చే నెలల్లో అక్కడి గాలి పీలిస్తేనే దగ్గొస్తుంది. కోతల కాలంలో ఛత్తీస్‌గఢ్ నుంచీ, చుట్టుపక్కల గూడేల నుంచీ కూలీలు వస్తారు. రోజంతా కాయ ఏరి, తొడిమలు తీసిన చేతులు రాత్రి నీళ్లలో పెడితే ఇంకా మండుతాయి. మంటకు కారణమైన క్యాప్సైసిన్ నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. నూనె రాసుకొని, ఆ తర్వాత సబ్బుతో కడిగితేనే పోతుంది.

చర్మం కాలకుండానే కాలినట్టు ఎందుకు ఉంటుంది? డేవిడ్ జూలియస్ బృందం 1997లో దీని గుట్టు విప్పింది. నొప్పి నరాల కొసల్లో టీఆర్‌పీవీ1 అనే ద్వారం ఉంది. సుమారు 43 డిగ్రీల వేడి తగిలితే అది తెరుచుకుంటుంది. క్యాప్సైసిన్ తగిలినా తెరుచుకుంటుంది. మెదడుకు రెండింటికీ తేడా తెలియదు. ఈ పరిశోధనకు జూలియస్‌కు 2021 నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. అంతకు చాలా ముందే, 1940లలో, హంగేరీలో మిరప పంటకు పేరుపడ్డ సెగెడ్ నగరంలో మిక్లోష్ యాంచో ఒక విచిత్రం గమనించాడు. క్యాప్సైసిన్ ఎక్కువగా ఇచ్చిన జంతువులు కొంతకాలం పాటు మంట పుట్టించే రసాయనాలకు స్పందించడమే మానేశాయి. ద్వారం అతిగా తెరుచుకుంటే కాల్షియం లోపలికి వరదలా వచ్చి నరం కొస అలసిపోతుంది. మోతాదు ఎక్కువైతే ఆ కొసలు చర్మం పై పొర నుంచి వెనక్కి తగ్గుతాయి, మళ్లీ పెరగడానికి వారాలు, నెలలు పడుతుంది. ఆ వ్యవధిలో నొప్పి తగ్గుతుంది.

ఈ గుణాన్ని రెండు రకాలుగా వాడుతున్నారు. ఒకటి 0.075 శాతం క్రీము. రోజుకు మూడు నాలుగు సార్లు చొప్పున వారాల పాటు రాయాలి. మొదటి రోజుల్లో మంట పెరుగుతుంది, దాన్ని తట్టుకోలేక మానేసేవాళ్లు చాలామంది. రెండోది 8 శాతం ప్యాచ్. ఆసుపత్రిలో శిక్షణ ఉన్న సిబ్బంది మాత్రమే గంటసేపు అతికించి తీస్తారు, ఫలితం మూడు నెలల దాకా ఉండవచ్చు. పైన చెప్పిన లెక్కలో ఈ ప్యాచ్ సంఖ్య 10.6. గోలీల కన్నా మేలు తక్కువ, కానీ మత్తు లేదు, కిడ్నీలకు భారం లేదు. ఇది చదివి పచ్చిమిరప నూరి సర్పి మచ్చల మీద పూయడం మాత్రం వద్దు. ఇంట్లో మోతాదు చేతిలో ఉండదు, చర్మం బొబ్బలెక్కుతుంది. పొక్కులు పూర్తిగా మానని చర్మం మీద క్రీము కూడా రాయకూడదు.

లిడోకెయిన్ 5 శాతం ప్యాచ్ ఇంకో పైపూత మార్గం. ఇది నరంలోని సోడియం దారిని మూస్తుంది. రోజుకు 12 గంటలు అతికించి, 12 గంటలు తీసేయాలి. తాకితే భరించలేని నొప్పి అరచేయంత చోటుకే పరిమితమైనవాళ్లకు ఇది అనువు. ధరే అడ్డు.

ముగ్గురు మనుషులు, మూడు ఎంపికలు

ఇప్పుడు ఈ లెక్కలన్నీ మనిషి పక్కన పెట్టి చూద్దాం. ఏన్కూరు వైపు అరవై రెండేళ్ల మిరప రైతు ఉందనుకుందాం. బీపీ, షుగరు లేవు, గుండె బాగుంది. పగలు పనిలో పడి నొప్పి మరుస్తుంది, రాత్రి మంటతో నిద్ర లేదు. ఆమెకు అమిట్రిప్టిలిన్ పది మిల్లీగ్రాములు సాయంత్రం పూట మొదలుపెట్టడం సబబు. నొప్పీ తగ్గుతుంది, నిద్రా వస్తుంది, ఖర్చూ తక్కువ. ఈ వయసులో ముందు ఒక ఈసీజీ తీయించాలి. పది రోజుల తర్వాత ఆమెకూ డాక్టరుకూ మధ్య ఇలాంటి మాటలు నడవాలి.

"గోలీ ఏసుకుంటే పొద్దున లేవలేకపోతున్నా సారూ. తల బరువుగుంటంది."

"ఎన్నింటికి వేసుకుంటున్నవమ్మా?"

"పండుకునేటప్పుడు, పదింటికి."

"ఏడింటికి బువ్వ తిన్నాక వేసుకో. మంట ఎట్లుంది?"

"మంట ఉంది గానీ, రెండు సార్లే లేస్తన్నా."

ఈ కొద్ది మాటల్లోనే మందు నిలవాలా పోవాలా అన్నది తేలిపోయింది. మూడు గంటలు ముందు వేసుకుంటే తెల్లారేసరికి మత్తు దిగుతుంది. ఈ ఒక్క ప్రశ్న అడగకపోతే ఆమె ఇంటికెళ్లి గోలీలు మానేసేది.

రెండో మనిషి కొత్తగూడెంలో డెబ్భై ఏళ్ల సింగరేణి రిటైర్డు కార్మికుడు. షుగరు, ప్రోస్టేట్ వాపు, ఒకసారి గుండెపోటు. బలమైన సంఖ్య ఉన్న అమిట్రిప్టిలిన్ ఈయనకు తగదు. క్రియాటినిన్ పరీక్ష చేయించి, దానికి తగ్గ మోతాదులో గాబాపెంటిన్ రాత్రి ఒక చిన్న గోలీతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. కాళ్ల వాపు, రాత్రి లేచినప్పుడు తూలడం ఇంట్లోవాళ్లు గమనిస్తుండాలి.

మూడో మనిషి చర్ల దాటి అడవిలో ఉన్న గూడెంలో యాభై ఐదేళ్ల కోయ మహిళ. మార్చి, ఏప్రిల్‌లో తెల్లవారకముందే లేచి ఇప్పపువ్వు ఏరాలి, ఆ తర్వాత తునికాకు. మత్తులో ఉంటే ఆ సీజను పోతుంది, సీజను పోతే ఏడాది ఖర్చులకు చేతిలో చిల్లిగవ్వ ఉండదు. చీకట్లో తూలి పడితే, కాలికింద పామును చూసుకోకపోతే అసలుకే మోసం. నొప్పి భుజం దగ్గర చిన్న చోటే అయితే పైపూత మందు ముందు ప్రయత్నించాలి. గోలీ తప్పకపోతే మత్తు తక్కువైన నార్ట్రిప్టిలిన్ గానీ, తక్కువ మోతాదు గాబాపెంటిన్ గానీ పొద్దుగూకగానే. పండగలకు ఇప్పసారా తాగే అలవాటుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి, డాక్టరూ గద్దించకుండా అడగాలి. ఈ మందులకు సారా తోడైతే శ్వాస మందగించి ప్రాణం మీదికి వస్తుంది. ఈ గోలీలు ఉన్నట్టుండి ఆపకూడదు కాబట్టి, వాగులు పొంగే వానాకాలానికి ముందే నెలకు సరిపడా మందు ఇంట్లో ఉండాలి.

ముగ్గురిదీ ఒకటే జబ్బు. కానీ ముగ్గురికీ ఒకే చీటీ రాస్తే ఇద్దరికి అన్యాయం జరుగుతుంది.

పరీక్షించి చూసే పద్ధతి

మిరప తోటకు ఒకే రోజు మూడు పురుగు మందులు కలిపి కొడితే పురుగు ఏ మందుతో పోయిందో, ఆకు ఏ మందుతో మాడిందో తెలియదు. నరాల నొప్పి మందుల విషయంలోనూ అదే సూత్రం. ఒక్కటి మొదలుపెట్టాలి, తక్కువ మోతాదుతో. వారం పది రోజులకోసారి డాక్టరు చెప్పినట్టు పెంచాలి. అమిట్రిప్టిలిన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాలు, ప్రీగాబాలిన్‌కు నాలుగు నుంచి ఆరు వారాలు గడువు ఇవ్వాలి. నాలుగు రోజులు వేసుకుని పనిచేయలేదని మానేస్తే మంచి మందును కూడా పోగొట్టుకున్నట్టే. గడువు ముగిసినా మేలు లేకపోతే మెల్లగా తగ్గించి ఆపి, మరోదానికి మారాలి. ఫలితం లేని మందును అలవాటుగా ఏళ్ల తరబడి మింగడం కూడా పొరపాటే.

మేలు ఎలా కొలవాలి? క్యాలెండరు మీద రోజూ పడుకునే ముందు పదికి ఎన్ని మార్కుల నొప్పో ఒక అంకె వేయాలి. చదువు రానివాళ్లకు ఇంట్లో పిల్లలు వేసిపెట్టవచ్చు. పక్కనే రాత్రి ఎన్నిసార్లు లేచారో, ఏ పని చేయగలిగారో ఒక మాట. నొప్పి 30 శాతం తగ్గితే రోగులకు బతుకులో తేడా తెలుస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. 8 నుంచి 5కు దిగడం చిన్న విషయం కాదు. మొత్తం పోవాలన్న ఆశతో వెళ్తే ఆ మూడు మార్కుల మేలు కనపడదు, మందు మీద నమ్మకం పోతుంది, మళ్లీ సూదుల దగ్గరికే కాళ్లు నడుస్తాయి. అందుకే మొదటి రోజునే రోగి తనకేం కావాలో చెప్పాలి: రాత్రి ఐదు గంటల నిద్ర, రవిక వేసుకోగలగడం, నాట్లకు పోగలగడం. ఆ కోరికే చికిత్సకు గురి.

నొప్పి ఎప్పటికీ ఇలాగే ఉంటుందనుకోవాల్సిన పనీ లేదు. చాలామందిలో నెలలు గడిచేకొద్దీ నరం కొంత కుదుటపడుతుంది. అందుకే నొప్పి అదుపులోకి వచ్చిన కొన్ని నెలల తర్వాత మోతాదు తగ్గించి చూడాలి.

రాకుండా చూసుకునే మార్గం కూడా ఇప్పుడుంది. షింగ్రిక్స్ టీకా 2023లో మన దేశంలోకి వచ్చింది. యాభై దాటినవాళ్ల మీద జరిగిన పెద్ద పరీక్షలో ఇది సర్పిని 97 శాతం నివారించింది. రెండు డోసులకు వేల రూపాయలు కావాలి. ఈ అడవి అంచు ఊళ్లలో ఎవరు పెట్టగలరు? ధర దిగేదాకా ఇక్కడి పెద్దవాళ్లకు రక్షణ చవక మందులే. ప్రతి పీహెచ్‌సీలో అసైక్లోవిర్, అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్ నిల్వ ఉండాలి. ఆశా కార్యకర్తల శిక్షణలో సర్పి పొక్కుల బొమ్మ ఉండాలి. మందు రాసే ప్రతి డాక్టరూ ఒక ప్రశ్న తప్పకుండా అడగాలి: రేపు పొద్దున నువ్వు ఏ పనికి పోవాలి? దానికి వచ్చే జవాబు రోగి తప్ప ఇంకెవరూ ఇవ్వలేని సమాచారం. అది లేకుండా రాసిన చీటీ ఎంత పెద్ద ఆసుపత్రిదైనా అసంపూర్ణమే.